కంటి రంగును బట్టి చుక్కల మందు పనితీరు మారుతుందా?

ప్రశ్న: నాకు గ్లాకోమా (నీటికాసులు). నావి ముదురు గోధుమ రంగు కళ్లు. ఇలాంటి కళ్లకు చుక్కల మందు సరిగా పనిచేయదని ఎవరో అన్నారు, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నిజమేనా?

జవాబు: కొన్ని మందుల విషయంలో కొంత నిజమేనండీ. ఐరిస్‌కు, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయానికి, రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం పైలోకార్పిన్, టిమోలాల్ లాంటి గ్లాకోమా చుక్కల మందుల్ని పట్టి ఉంచి మెల్లమెల్లగా వదులుతుంది, అందుకే ముదురు కళ్లలో పైలోకార్పిన్ ప్రభావం ఆలస్యంగా మొదలవుతుంది, 2 శాతం చాలకపోతే డాక్టర్లు 4 శాతం రాస్తుంటారు. లటానోప్రోస్ట్ అనే మరో గ్లాకోమా చుక్కల మందు మీలాంటి కళ్లలోనూ బాగానే పనిచేస్తుంది. అది ఐరిస్ రంగును ముదురు చేయొచ్చు గానీ, ఆ మార్పు ఆకుపచ్చ, గోధుమ కలిసిన కళ్లలోనే ఎక్కువ. మందు పనిచేస్తోందో లేదో కంటి లోపలి ప్రెషర్ కొలిస్తేనే తెలుస్తుంది, కాబట్టి చెకప్ మానకండి. చుక్క వేశాక కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచండి. డాక్టర్‌ని అడక్కుండా ఒక్క పూట కూడా ఆపొద్దు.