బియ్యంలో ముక్కు పురుగుకి బూజు మందు వేయొచ్చా?

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక పాఠకురాలు): మా అన్నయ్య ఆనందపురం దగ్గర వరిచేనుకి బవేరియా పొడి కొడతాడండి. అది పురుగుకి బూజు పట్టించి చంపేస్తుందట, మనిషికేం కాదట. ఓ అరకేజీ మిగిలితే నాకిచ్చాడు. మా ఇంట్లో పాతిక కేజీల బస్తాకి ప్రతి వానాకాలం ముక్కు పురుగే, జల్లించీ చెరిగీ విసుగొచ్చేసింది. ఆ పొడి బియ్యంలో కలిపేసి, వండేముందు కడిగేసుకుంటే సరిపోదా?

జవాబు: సరిపోదండి, ఆ ప్యాకెట్ అన్నయ్యకే తిరిగిచ్చేయండి. మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు, కానీ చేను వేరు, మీ డబ్బా వేరు.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను, అప్పుడు ఎందుకొద్దంటున్నానో మీకే తెలుస్తుంది. ఆ పొడిలో ఉండేది ప్రాణమున్న బూజు, దాని విత్తనాల్లాంటి సన్నటి నలుసులు. పురుగు దాని మీద పాక్కుంటూ వెళ్తే అవి ఒంటికి అంటుకుంటాయి, అక్కడే మొలకెత్తి, పై పెంకుని కరిగించే రసాలు వదిలి, కన్నం చేసుకుని లోపలికి పోయి అక్కడ పెరుగుతాయి. పురుగు తినక్కర్లేదు, తగిలితే చాలు. అయితే ఇవాళ చల్లితే రేపు చచ్చిపోదు, వారం పది రోజులు పట్టొచ్చు. 1835లో ఇటలీలో అగస్టినో బస్సీ అనే ఆయన పట్టుపురుగులకి వచ్చే సున్నపుకట్టు రోగం బూజు వల్లే అని చూపించాడు, ఆయన పేరు మీదే దీన్ని బవేరియా బస్సియానా అంటారు. అందుకే పట్టుపురుగులు పెంచే ఊళ్ళలో దీన్ని చల్లొద్దంటారు, మన వైపు ఆ బెంగ తక్కువనుకోండి.

ఇప్పుడు మీ బియ్యం సంగతికొద్దాం. ఓ గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూడండి, కొన్ని గింజలకి సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నాలుంటాయి, అవి పిల్ల పెద్దదై బయటికొచ్చేసిన గింజలు. కన్నం లేని గింజల్లోనూ ఉంటాయి. ఆడ పురుగు ఆ ముక్కుతోనే గింజకి గుంట తవ్వి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది, మనకి కనపడదు. ఒక్కోటి 300 దాకా పెట్టగలదు. గుడ్డు, పిల్ల, గూడు అంతా గింజలోపలే, మన వేడికి నెల, నెలన్నరలో కొత్తది బయటికొస్తుంది. మరి గింజలోపల ఉన్నదానికి పైన చల్లిన బూజు ఎలా అంటుకుంటుంది చెప్పండి? తిరిగే పెద్ద పురుగులు చస్తాయి, అది కూడా మెల్లిగా, ఈలోపు మళ్ళీ గుడ్లు పెట్టేస్తాయి. ఇంకోటి, మీ ప్యాకెట్‌లో బూజుతో పాటు టాల్కం లాంటి పొడి కూడా బోలెడుంటుంది, అది పొలానికి తయారుచేసింది, తిండిగింజల్లో కలపడానికి కాదు. ఏ పంటకి, ఏ పురుగుకి అని ప్యాకెట్ మీద రాసుంటుంది, చదవండి.

మరేం చెయ్యాలంటారా? విశాఖలో సముద్రం గాలికి ఉప్పే డబ్బాలో నీరు కారుతుంది, బియ్యం ఎంత. కాబట్టి వానాకాలం బస్తా కొనకండి, ఐదు కేజీలు పది కేజీలు తెచ్చుకోండి. రెండు మూడు కేజీల చొప్పున కవర్లో గట్టిగా కట్టి ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు పెడితే లోపలి గుడ్లు కూడా చస్తాయి. తీశాక కవరు పైన చెమ్మ ఆరేదాకా విప్పొద్దు. పాత బియ్యం అడుగున ఉండగా పైన కొత్తవి పోయడం అందరం చేసే తప్పే (మా ఇంట్లో కూడా!), డబ్బా ఖాళీ చేసి అంచులు తుడిచి ఎండబెట్టాకే పొయ్యండి. బియ్యాన్ని మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో పొయ్యకండి, పగిలి నూకైపోతుంది. వేపాకు వేస్తే బాగా ఎండింది వెయ్యండి, పచ్చిదైతే తేమ తెస్తుంది. బోరిక్ పౌడర్ కలిపే అలవాటుంటే మానేయండి.

ప్రశ్న (పద్మనాభం వైపు నుంచి ఒక రైతు): విత్తనానికి ఉంచిన వడ్లకి బవేరియా కలిపాను, పనిచెయ్యలేదు. చచ్చిన పురుగు మీద తెల్ల బూజు ఒక్కటీ కనపడలేదు. నకిలీ మందేనా?

జవాబు: బూజు కనపడలేదని నకిలీ అనెయ్యకండి. పురుగు చచ్చాక దాని మీద తెల్లగా పైకి రావాలంటే తేమ బాగా ఉండాలి, మీ వడ్లు పొడిగా ఉంటే రాదు. ఆ పొడితనం మంచిదే, చంపడానికి అంత తేమ అక్కర్లేదు. సన్నటి డయటోమేషియస్ మట్టి, అదే పురుగు ఒంటి మీద మైనం పొరని గీకి పీల్చేసే పొడి, దాంతో కలిపి ఇస్తే బూజు ఇంకా బాగా పట్టిందని ప్రయోగాల్లో తేలింది.

నా అనుమానం మీరు దాన్ని ఎక్కడ దాచారు అని. నేనూ ఒకసారి మేడ మీద రేకుల షెడ్డులో ప్యాకెట్ పెట్టి, మే నెల గడిచాక తీసి వాడి, దుకాణదారుడితో గొడవపడి వచ్చాను, తప్పు నాదే. ఇది ప్రాణమున్న సరుకు, 35 డిగ్రీలు దాటితే నీరసపడిపోతుంది, రేకుల కింద మన ఎండకి ఇంకేం మిగుల్తుంది. తయారైన తేదీ చూసి కొనండి, నీడలో చల్లగా పెట్టండి, కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఈసారి వడ్లు పంటికింద కటుక్కుమనేలా ఆరబెట్టి, గాదె ఖాళీగా ఉన్నప్పుడే మూలలు, పగుళ్ళు ఊడ్చి అక్కడ చల్లడం గురించి మీ వ్యవసాయ అధికారిని అడగండి, పాత పురుగు దాక్కునేది అక్కడే.

ప్రశ్న (గాజువాక): గోధుమపిండిలో ఎర్ర పురుగుకి కూడా ఇదేనా? పిండి ఘాటు వాసన కూడా వస్తోంది.

జవాబు: ఆ వాసన పురుగు వదిలే క్వినోన్లది. ఆ రసాయనాలే బూజుని మొలకెత్తనివ్వవు, అందుకే పిండి పురుగు ఈ మందుకి అంత తేలిగ్గా లొంగదు. వాసనొచ్చిన పిండి జల్లించి దాచుకోకండి, పారేసి డబ్బా మూత అంచులు బ్రష్షుతో తోమండి.