రెండు తెరల జలాంతర్గామి పోరు

ప్రశ్న: ఇప్పుడు ఫోన్‌లో ఎవరి ఆట వారి తెరపైనే కనిపిస్తుంది. కానీ పాతకాలపు వీడియో గేమ్ యంత్రాల దగ్గర ఇద్దరు ఆటగాళ్ళు ఒకే తెర ముందు నిలబడి ఆడేవారట. మరి దాక్కుని దెబ్బతీయవలసిన జలాంతర్గామి యుద్ధాన్ని వారు ఎలా ఆడారు? ఆ ఆటలను ఇప్పుడు ఆడే వీలుందా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: చాలాకాలం పాటు వారు ఆ యుద్ధాన్ని నిజంగా ఆడనే లేదు. 1966లో సెగా సంస్థ తెచ్చిన 'పెరిస్కోప్' వీడియో గేమ్ కాదు. గొలుసుకు వేలాడుతూ కదిలే బొమ్మ ఓడలపైకి టార్పెడోలు (నీటిలో దూసుకుపోయి ఓడలను పేల్చే ఆయుధాలు) వదిలితే, అవి వెళ్ళే దారిని వరుసగా వెలిగే దీపాలు చూపించేవి. పదేళ్ళ తరువాత, 1976లో, మిడ్‌వే సంస్థ, జలాంతర్గామి లోపలి నుంచి నీటిపైకి చూసే పెరిస్కోప్ లాంటి గొట్టం అమర్చిన 'సీ వుల్ఫ్'ను వీడియో తెరపైకి తెచ్చింది. 1978 నాటి 'సీ వుల్ఫ్ 2'లో రెండు పెరిస్కోపులు ఉన్నందువల్ల ఇద్దరు కలిసి ఆడగలిగారు గానీ, ఇద్దరి గురీ పైన సాగిపోయే ఓడల మీదనే కనుక, అది ఎక్కువ పాయింట్ల కోసం పోటీయే తప్ప ఒకరితో ఒకరు చేసిన యుద్ధం కాదు.

అసలు జవాబు 1979లో అటారీ సంస్థ చేసిన 'సబ్స్'లో ఉంది. ఆ యంత్రంలో రెండు తెరలు ఉంటాయి. ఎవరి తెర వారిది. ప్రత్యర్థి జలాంతర్గామిని వెతికి పట్టుకుని, అతని కంటే ముందుగా టార్పెడోతో కొట్టాలి. పేకముక్కలు ఎదుటివాడికి చూపిస్తూ ఆడితే ఆట ఎలా చెడిపోతుందో, ఒకే తెరపై రెండు జలాంతర్గాములను చూపిస్తే ఈ ఆటా అలాగే చెడిపోయేది. ఒకే యంత్రంలో రెండు తెరలు పెట్టడం ఖర్చుతో కూడిన పనే అయినా, జలాంతర్గామి బలమంతా కనిపించకపోవడంలోనే ఉందని గుర్తించి చేసిన ఆ నిర్ణయం వల్లనే ఈ ఆటను నేను మిగతా వాటికంటే ఎంతో ఎత్తున నిలుపుతాను.

నిజమైన సముద్రంలోనూ ఇదే సూత్రం. సోనార్‌తో ధ్వనిని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకోవచ్చు. కానీ ఆ ధ్వనిని శత్రువు కూడా వింటాడు కనుక, పంపినవారి ఉనికి బయటపడుతుంది. అందుకే జలాంతర్గాములు సాధారణంగా శబ్దం చేయకుండా చెవి ఒగ్గి వినడానికే ఇష్టపడతాయి. విశాఖపట్నం వెళ్ళినప్పుడు, 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిని తప్పక లోపలికి వెళ్ళి చూడండి. అంత ఇరుకు గదుల్లో, బయటి సముద్రం కంటికి కనిపించకుండా, వినికిడినే నమ్ముకుని పనిచేయడం ఎంత కష్టమో అక్కడ అర్థమవుతుంది.

ఇక ఆడే విషయం. పాత ఆర్కేడ్ యంత్రాల పనితీరును కంప్యూటర్‌లో అనుకరించే 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అయితే ఆటల ప్రోగ్రాములపై హక్కులు వాటి యజమానులవే కనుక వాటిని చట్టబద్ధంగానే సంపాదించుకోవాలి. రెండు దృశ్యాలూ ఒకే మానిటర్‌పై పక్కపక్కన కనిపిస్తే మాత్రం, మధ్యలో ఒక అట్టను అడ్డుగా నిలబెట్టి, ఎవరి వైపు వారు చూస్తూ ఆడండి.