తెలుగు బ్లాగుల సందడి ఎందుకు తగ్గింది?

నా లెక్కన అసలు కారణం చదివే దారి మూసుకుపోవడమే. 2008 ప్రాంతంలో పొద్దున్నే తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చేర్చే కూడలి అనే సైటు తెరిస్తే ఎవరెవరు కొత్తగా రాశారో ఒకేచోట వరసగా కనిపించేది. లేఖిని అనే సైటులో ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు వచ్చేది, దాన్ని కాపీ చేసి బ్లాగులో అతికించేవాళ్లం. (ఆ తిప్పలే రాతకి కాస్త నిదానం నేర్పాయేమో!) నచ్చిన బ్లాగుల్లో వచ్చే కొత్త రాతల్ని ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. అప్పటికే చాలామంది ఫేస్‌బుక్‌కి మళ్లారు. అక్కడ మెచ్చుకోలు నిమిషాల్లో వస్తుంది గానీ, ఆర్నెల్ల కిందటి పుస్తక పరిచయం వెతికితే ఓ పట్టాన దొరకదు. బ్లాగుకైతే పక్కనే నెలలవారీగా పాత టపాల (బ్లాగులో రాసినవాటి) పట్టీ ఉండేది. ఎప్పుడో రాసిన టపాకి మూడేళ్ల తర్వాత ఎవరో వచ్చి వ్యాఖ్య పెట్టేవారు. నాకు ఆ ఆలస్యపు పలకరింపే లోటుగా ఉంది.