రాత్రికి బటాణీ గింజంత

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

డాక్టరు నీకూ మీ అమ్మకూ రాసిన ట్యూబుల ఫొటోలు చూశాను. నీది మొటిమలకు అడాపలీన్ 0.1 శాతం జెల్, అమ్మది ఎండకు దెబ్బతిన్న చర్మానికి ట్రెటినాయిన్ 0.025 శాతం క్రీము. రెండూ రెటినాయిడ్లే, అంటే విటమిన్ ఎ జాతి మందులే. అలాగని ఒకరిది ఒకరు రాసుకోకండి. జెల్ నీ జిడ్డు మొహానికి సరిపోతుంది కానీ అమ్మ పొడి చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది.

ఈ మందులు పనిచెయ్యక విఫలమయ్యేవాళ్లు తక్కువ. తొందరపడి చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. పైగా మన రంగు చర్మానికి ఒక చిక్కుంది. మంటపుట్టి ఎర్రబడిన చోట తర్వాత నల్లమచ్చ పడవచ్చు, అది పోవడానికి నెలలు పడుతుంది. అందుకని మొదటి రెండు నెలలూ మొటిమల లెక్క పెట్టుకోకు, మొహం మండకుండా చూసుకో చాలు.

రాత్రి సబ్బు కాకుండా మామూలు ఫేస్‌వాష్‌తో ఒక్కసారి కడుక్కో. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఇరవై నిమిషాలు ఆగు. తడి మొహం మీద రాస్తే మందు ఎక్కువగా లోపలికి దిగి మండుతుంది. ఆ తర్వాత మొహమంతటికీ కలిపి బటాణీ గింజంత మందు, అంతే. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పల్చగా పరుచు. మొటిమ మీద మాత్రమే అద్దడం అందరూ చేసే పొరపాటు. ఈ మందు పని పైకి కనబడే మొటిమను ఆర్పడం కాదు, చర్మరంధ్రం లోపల మృతకణాలు జిగురులా అంటుకుని మూసుకుపోకుండా ఆపడం. వచ్చే నెల బయటపడబోయే మొటిమ ఇప్పుడు కంటికి కనపడని చోట తయారవుతూ ఉంటుంది కదా, అందుకే మొహమంతా రాయాలి. కనురెప్పలు, ముక్కు పక్క మడతలు, పెదవుల మూలలు వదిలెయ్. ఆ మడతల్లో ముందే కాస్త పెట్రోలియం జెల్లీ రాసుకుంటే మందు అక్కడికి జారదు.

మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు చాలు. బాగుంటే రోజు విడిచి రోజు, ఇంకో నెల గడిచాక రోజూ. మందు రాసిన పావుగంటకు మాయిశ్చరైజర్ పట్టించు. అయినా బిగుసుకుపోయినట్టుంటే మందుకు ముందొక పొర, తర్వాతొక పొర వెయ్యి, మందు బలం కొంచెం తగ్గినా నష్టం లేదు. అదీ తట్టుకోకపోతే అరగంట ఉంచి కడిగేసుకునే పద్ధతి ఉంది, అలా మొదలుపెట్టినా ఫలితం వస్తుంది. సన్నగా పొట్టు లేవడం మామూలే. చెమట పట్టినా నీళ్లు తగిలినా చురుక్కుమంటుంటే మాత్రం నాలుగైదు రాత్రులు మందు ఆపి మాయిశ్చరైజర్ ఒక్కటే రాసుకో, తగ్గాక ముందుకంటే తక్కువసార్లతో మళ్లీ మొదలుపెట్టు. ట్యూబు 15 గ్రాములది కాబట్టి రోజూ రాసినా నెల పైనే రావాలి. రెండు వారాల్లో ఖాళీ అయిందంటే చెయ్యి ఉదారంగా ఉందన్నమాట.

రెండో వారం నుంచి ఆరో వారం దాకా మొటిమలు పెరిగినట్టు అనిపించవచ్చు. లోపల ఉన్నవి త్వరగా పైకి వస్తాయి. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. పన్నెండు వారాలు వాడకుండా మందు మంచిదో చెడ్డదో చెప్పలేం. ముహూర్తానికి నెల ముందు ఎవరైనా మొదలుపెడతానంటే వద్దని చెప్పు, పెళ్లిపీటల మీద పొట్టు లేచిన మొహంతో కూర్చోవాల్సి వస్తుంది. ఆరునెలల ముందైతే సరే.

పొద్దున రాసుకోమని మొటిమల క్రిములను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా ఇచ్చారన్నావు. అడాపలీన్‌కు దానితో పేచీ లేదు. ట్రెటినాయిన్‌ను మాత్రం అది పాడుచేస్తుంది, కాబట్టి అమ్మ ట్యూబుతో కలపకండి. ఇంకో మాట, ఈ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది, తెల్ల తువ్వాలు, తెల్ల గలీబు వాడు.

సున్నిపిండితో నలుగు, నిమ్మరసం, స్క్రబ్బు, బ్లీచ్, పార్లర్ ఫేషియల్ ఇవన్నీ ప్రస్తుతానికి బంద్. పై పొర పల్చబడి ఉన్నప్పుడు పైపెదవికి వ్యాక్స్ చేయిస్తే తోలు ఊడి వస్తుంది. చేయించక తప్పదంటే వారం ముందే మందు ఆపాలి. మొహానికి కొబ్బరినూనె కూడా వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

ఇక అమ్మ సంగతి. ఇన్నేళ్లు బండి మీద బడికి వెళ్లొచ్చిన ఎండ ఆ బుగ్గల మీద ఉంది, మంగు, గరుకుదనం, సన్న ముడతలు. ట్రెటినాయిన్‌కు అమెరికాలో 1971లో మొటిమలకు అనుమతి వచ్చింది. ఎండకు దెబ్బతిన్న చర్మానికి పేరు పెట్టి అనుమతి 1995లో గానీ రాలేదు. చర్మాన్ని బిగువుగా ఉంచే లోపలి కొల్లాజెన్‌ను ఎండ విరగ్గొడుతుంది, ఈ మందు ఆ విరుపును తగ్గించి కొత్తది తయారయ్యేలా చూస్తుంది. అది నెమ్మదైన పని. నునుపు రెండు మూడు నెలలకు తెలుస్తుంది, ముడతలూ మచ్చలూ మారాలంటే ఆరునెలలు, ఏడాది. లోతైన గీతలు పోవు, ముందే చెప్పు. మెడకు రాస్తే వారానికి ఒకటి రెండుసార్లే, అక్కడ చర్మం పల్చన.

సన్‌స్క్రీన్ రాయకుండా అమ్మ ఈ మందు వాడటం డబ్బు దండగ. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా గీతలు గీస్తే వచ్చేంత మొహానికీ మెడకూ కలిపి. ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. మంగుకు లేతరంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు, అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనపడే వెలుతురును కూడా ఆపుతుంది. కారు పక్క అద్దం, తరగతి గది కిటికీ అతినీలలోహిత కిరణాలన్నింటినీ ఆపలేవు. చున్నీ, గొడుగు అదనంగా.

మందుల షాపులో ఆ ట్యూబు లేదని "ఇది ఇంకా బాగా పనిచేస్తుంది" అంటూ వేరేది చేతిలో పెడితే వెనక అక్షరాలు చదువు. ట్రెటినాయిన్‌తో పాటు రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మోమెటాసోన్ లేదా ఫ్లూసినోలోన్ కనిపిస్తే తిరిగి ఇచ్చెయ్. చివరి రెండూ స్టెరాయిడ్లు. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్, ఒక స్టెరాయిడ్ మూడూ కలిసిన క్రీము మంగుకు కొన్ని వారాలపాటు డాక్టరు కనిపెట్టుకుని చూస్తూ వాడించేది. తెల్లబడతామని నెలల తరబడి రాసుకుంటే చర్మం పల్చబడి, ఎర్ర నరాలు తేలి, బుగ్గల మీద వెంట్రుకలు మొలిచి, ఆపితే మొహం భగ్గుమంటుంది. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు.

గర్భం వచ్చినా, ప్రయత్నంలో ఉన్నా రెటినాయిడ్ ఏదైనా ఆపెయ్యాలి. పెళ్లయ్యాక గుర్తుపెట్టుకో, అప్పుడు వాడదగ్గ వేరే మందులు డాక్టరు రాస్తారు. ట్రెటినాయిన్ వెలుతురుకు చెడుతుంది, మూత బిగించి బీరువాలో పెట్టండి, బాత్రూమ్ కిటికీలో వద్దు.

అమ్మ ముక్కు పక్కన గరుకుగా తగిలే పొక్కు ఒకటి ఉందని రాశావు. అది మానకుండా ఉన్నా, గోకితే రక్తం వస్తున్నా, దాని మీద ఏమీ రాయకముందే ఈసారి డాక్టరుకు విడిగా చూపించండి.

పెద్దమ్మ