పుండులోంచి రంగు పోగులు వస్తున్నాయి.. ఇది మోర్గెలాన్స్ జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 49. ఎనిమిది నెలలుగా చేతులు, భుజాలు, కాళ్ల మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు, సూదులతో గుచ్చుతున్నట్టు ఉంటోంది. గోకితే పుండ్లు పడుతున్నాయి. వాటిలోంచి తెల్లవి, నీలివి, ఎర్రవి సన్నటి పోగులు వస్తున్నాయి. కొన్నింటిని చిన్న డబ్బాలో దాచాను. గజ్జి పురుగులను చంపే పర్మెత్రిన్ క్రీము నాలుగుసార్లు రాశాను. పురుగుల కోసం ఐవర్‌మెక్టిన్ మాత్రలు వేసుకున్నాను. స్నానం నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కూడా కలుపుతున్నాను. అలర్జీ మాత్ర సెటిరిజిన్ ఏమాత్రం పనిచేయడం లేదు. షుగర్‌కు ఏడేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, పాదాల్లో తిమ్మిర్లు ఉన్నాయి. ఏడాది క్రితం నెలసరి ఆగిపోయింది. చర్మ డాక్టరు రక్తపరీక్షలేవీ రాయకుండా ‘అంతా మీ మనసులోనే ఉంది, సైకియాట్రిస్టును కలవండి’ అన్నారు. ఇంటర్నెట్‌లో మోర్గెలాన్స్ గురించి చదివితే అన్నీ నా లక్షణాలే. అసలు దీనికి కారణమేంటి? మందు ఉందా? – ఓ పాఠకురాలు

జవాబు: మీరు పోగుల గురించి వివరంగా రాశారు. షుగర్ మాత్ర, పాదాల తిమ్మిర్లు, నెలసరి ఆగడం మాత్రం మాటవరసకు చెప్పి వదిలేశారు. నాకైతే అసలు ఆచూకీ ఆ మూడింటిలోనే ఉందనిపిస్తోంది. మీ దురద నిజం. పాకుతున్నట్టు అనిపించడమూ నిజం. దాన్ని పుట్టిస్తున్నది పురుగా, నరమా, ఒంట్లో ఏదైనా లోటా, మెదడా అన్నది తేల్చాలి. ఒక్క పరీక్షయినా చేయించకుండా ‘మనసులోనే ఉంది’ అని పంపేయడం సరికాదు. అలాగని ఇంటర్నెట్‌లో దొరికిన పేరును పట్టుకుని కూర్చున్నా మీకు ఒరిగేది లేదు.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. మోర్గెలాన్స్ అన్నది ఏ ప్రయోగశాలలోనూ తేలిన జబ్బు పేరు కాదు. 2002లో అమెరికాలో మేరీ లీటావో అనే ఆవిడ తన కొడుకు పుండులో పోగులు కనిపించడంతో ఆ పేరు పెట్టారు. 17వ శతాబ్దంలో సర్ థామస్ బ్రౌన్ అనే ఆంగ్ల వైద్యుడు ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ ప్రాంతంలో పిల్లల వీపు మీద మొలిచే బిరుసు వెంట్రుకల గురించి ఒక లేఖలో రాశాడు. మోర్గెలాన్స్ అన్న మాట అక్కడిది. ఆ పిల్లల బాధకూ ఇప్పటి ఫిర్యాదులకూ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు.

ఫిర్యాదులు ఎక్కువవడంతో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఉత్తర కాలిఫోర్నియాలో అధ్యయనం చేసి, 2012 జనవరిలో ఫలితాలు ప్రచురించింది. లెక్కకు వచ్చినవాళ్లు 115 మంది, అంటే లక్షకు నలుగురి కన్నా తక్కువ. ఎక్కువమంది నడివయసు ఆడవాళ్లు. వాళ్ల పుండ్ల నుంచి తీసిన పోగుల్లో అధికభాగం సెల్యులోజ్, అంటే మామూలు నూలు. పరాన్నజీవులు కనపడలేదు, అంటువ్యాధి అనడానికి ఆధారమూ దొరకలేదు. అయితే కారణం ఫలానా అని ఆ అధ్యయనం కూడా ఒక్క మాటలో తేల్చలేదు. అందుకే వివాదం ఆగలేదు.

రెండో పక్షం వాదన ఇదీ: పిడుదు కాటుతో సోకే లైమ్ జబ్బును తెచ్చే బొరీలియా బ్యాక్టీరియా వల్లే ఇది వస్తుందని, పోగులు నూలు కాదు, చర్మకణాలే తయారు చేసిన కెరటిన్, కొలాజెన్ అనే ప్రోటీన్లని కొందరు పరిశోధకులు అంటున్నారు. వాళ్లు చూసిన రోగులు తక్కువ. ఆ రోగులను ఎంచుకున్న తీరు మీదా అభ్యంతరాలున్నాయి. వైద్యుల్లో ఎక్కువమంది దీన్ని ఒప్పుకోలేదు. మీకు పిడుదు కుట్టిన దాఖలా, కుట్టినచోట ఉంగరంలా పెరిగిన ఎర్రటి మచ్చ, రక్తపరీక్షలో నిర్ధారణ ఇవేవీ లేనప్పుడు ఈ వాదనను నమ్మి నెలల తరబడి యాంటీబయాటిక్స్ మింగడం మాత్రం వద్దు. విరేచనాలు, మందులకు లొంగని సూక్ష్మజీవులు తప్ప చేతికొచ్చేదేమీ ఉండదు.

మరి పోగులు ఎక్కడివి? పచ్చి పుండు మీద ఊరే రసం కాసేపు జిగురులా ఉంటుంది. దుప్పటి, తువ్వాలు, జాకెట్టు చెయ్యి, దూది ఏది తగిలినా రెండు మూడు పోగులు అంటుకుంటాయి. రసం ఎండి పక్కు కట్టేటప్పుడు పోగు సగం లోపల, సగం బయట ఇరుక్కుపోతుంది. పక్కు గిల్లి దాన్ని లాగితే చర్మంలోంచి పెరికినట్టే వస్తుంది, కింద పచ్చి పుండు కాబట్టి చురుక్కుమంటుంది కూడా. సూక్ష్మదర్శిని కింద పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. నూలు పోగు మెలితిరిగిన రిబ్బనులా, పాలియెస్టర్ గాజు కడ్డీలా నున్నగా, వెంట్రుక పొలుసులు కప్పినట్టు కనిపిస్తాయి. అల్ట్రావయొలెట్ వెలుగులో పోగు మెరిసిందని కొందరు భయపడతారు. బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుగులో అలాగే మెరుస్తుంది. తెల్లటి బిరుసు దారాల్లాంటివి కొన్ని మాత్రం నిజంగానే మీ ఒంటివి కావచ్చు. ఎండిపోయిన కెరటినో, లోపలికి తిరిగిన వెంట్రుకో అయి ఉంటాయి. నీలం, ఎరుపు పోగులను మనిషి చర్మం నేయలేదు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, మీరే పరీక్షించి చూడండి. ఒకే చేతి మీద దాదాపు ఒకే సైజున్న రెండు పుండ్లు ఎంచుకోండి. రెండింటినీ సెలైన్‌తో కడిగి, ఒకదాని మీద హైడ్రోకొల్లాయిడ్ పట్టీ (పుండు రసాన్ని పీల్చుకుని జిగురుగా మారే పట్టీ) అంటించండి. పట్టీ అంచు పుండుకు నాలుగు వైపులా కనీసం 2 సెంటీమీటర్లు దాటాలి, లేకపోతే ఊడిపోతుంది. మూడు రోజులకోసారి మార్చండి. మధ్యలో విప్పి చూడకండి. పట్టీ మీద పెన్నుతో తేదీ రాయండి. లోపల పసుపుపచ్చటి జిగురు చేరి కాస్త వాసన వస్తుంది. చాలామంది దాన్ని చీము అనుకుని అక్కడే ఆపేస్తారు. అది పట్టీ కరిగి అయిన జిగురే. చుట్టూ ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పెరిగితే మాత్రం వెంటనే తీసేయాలి. మీకు షుగర్ ఉంది కాబట్టి ఈ ప్రయోగం చేతి మీదే చేయండి, పాదాల మీద వద్దు. పద్నాలుగు రోజులకు మూసినది మానిపోయి, అందులో పోగులు లేకుంటే అవి బయటివని తేలినట్టే. పుండును మాననివ్వనిది లోపలి పురుగు కాదనీ, గోరనీ అర్థం. వీపు మధ్యలో, చేయి అందనిచోట పుండ్లున్నాయా అని ఇంట్లోవాళ్లను చూడమనండి. అక్కడ మాత్రమే చర్మం శుభ్రంగా ఉంటే అదీ ఈ సంగతే చెబుతుంది.

మూసిన పుండు మూడు వారాలైనా మానకపోతే బయాప్సీ చేయించాలి. పాత, గోకిన పుండులోంచి తీస్తే ‘గోకుడు గాయం’ అన్న నివేదిక తప్ప ఏమీ రాదు. గోరు తగలని కొత్త పొక్కు నుంచి 4 మిల్లీమీటర్ల ముక్క, దాని పక్కనున్న మామూలు చర్మం నుంచి ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు ఇంకో ముక్క తీయమని అడగండి. బుల్లస్ పెంఫిగాయిడ్ (ఒంటి రోగనిరోధక శక్తే చర్మం మీద దాడి చేసే జబ్బు) లాంటివి నీటి పొక్కులు రాకముందు నెలల తరబడి ఉత్త దురదగానే ఉంటాయి.

ఇక గోకాలనిపించేలా చేస్తున్నదేంటి? మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగు చివర బి12 ఒంటపట్టడం తగ్గుతుంది. బి12 తగ్గితే నరాల పైపొర దెబ్బతిని తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉండటం మొదలవుతాయి. అరుదుగా ఒంట్లో పురుగులున్నాయన్న గట్టి నమ్మకం కూడా దీనివల్లే కలుగుతుంది. రక్తంలో బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోటు ఖాయం. 200–300 మధ్య ఉంటే మిథైల్‌మెలోనిక్ యాసిడ్ పరీక్షతో తేల్చుకోవాలి. లోటుంటే సాధారణంగా 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు మొదట దగ్గర దగ్గరగా, తర్వాత నెలకోసారి ఇస్తారు. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

షుగర్ వల్ల సన్నని నరాలూ దెబ్బతింటాయి. ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు నెర్వ్ కండక్షన్ పరీక్ష పెద్ద నరాలనే కొలుస్తుంది. సన్ననివి పాడైనా అది ‘నార్మల్’ అనే చెబుతుంది. చీలమండకు 10 సెంటీమీటర్ల పైన 3 మిల్లీమీటర్ల చర్మం తీసి నరాల చివర్లు లెక్కపెడితేనే తెలుస్తుంది. సెటిరిజిన్ మీకు పనిచేయకపోవడానికి కారణమూ ఇదే కావచ్చు. అది హిస్టమిన్ దురదను ఆపుతుంది, నరం నుంచి పుట్టే దురద జోలికి పోదు. దీనికి గాబాపెంటిన్ లాంటి మందు రాత్రిపూట 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. అందుకే ముందు క్రియాటినిన్ చూడాలి.

మిగతావి ఒకే రక్తనమూనాతో అయిపోతాయి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), లివర్ పరీక్షలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు), హెచ్‌ఐవీ. వేడినీళ్ల స్నానం తర్వాత దురద విజృంభిస్తే ఎర్రకణాలు ఎక్కువవడం, అరచేతుల్లో అరికాళ్లలో ఎక్కువైతే లివర్, రాత్రి చెమటలూ బరువు తగ్గడమూ ఉంటే లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) గుర్తుకు రావాలి. నెలసరి ఆగాక చర్మంలో నూనె, తేమ తగ్గుతాయి. ఆ పొడిదనమే దురదకు చాలు, దానికి తోడు మీరు బ్లీచింగ్ కలిపిన నీళ్లు పోసుకుంటున్నారు.

గజ్జి సంగతి కూడా కొట్టిపారేయలేం గానీ, మీ విషయంలో దానికి అవకాశం తక్కువే. దాని పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. రంగు పోగులు వదలదు, వేళ్ల సందుల్లో, మణికట్టు మీద సన్నటి గీతల్లాంటి సొరంగాలు చేస్తుంది. సాధారణంగా ఇంట్లో ఇంకొకరికైనా దురద ఉంటుంది. పర్మెత్రిన్ మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి 8–14 గంటలు ఉంచి, వారం తర్వాత ఇంకోసారి రాస్తే సరిపోతుంది. పురుగులు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. అది తెలియక మళ్లీ మళ్లీ రాస్తే క్రీమే చర్మాన్ని ఎండగట్టి కొత్త దురద పెడుతుంది. నాలుగుసార్లు రాశారు, చాలు. ఐవర్‌మెక్టిన్ కూడా ఇక వద్దు. మోతాదు మించితే మత్తు, తూలు, మూర్ఛ దాకా తీసుకెళ్తుంది.

సైకియాట్రిస్టు మాట మీకు కష్టం కలిగించిందని తెలుస్తోంది. వేరే కారణం లేకుండా, ఒంట్లో పురుగులున్నాయని కలిగే నమ్మకాన్ని స్వీడన్ నరాల వైద్యుడు ఎక్‌బోమ్ 1938లో వివరించాడు. నమూనాలు పెట్టెలో పెట్టి తేవడాన్ని వైద్యులు ‘అగ్గిపెట్టె లక్షణం’ అంటారు. ఆ పేరు నాకు నచ్చదు. నిజంగా పురుగు దొరికినవాళ్లూ డబ్బాలోనే తెస్తారు కదా! మీ డబ్బా ఒక్కసారి ల్యాబ్‌కు ఇవ్వండి. చూడకుండానే నవ్వే డాక్టరయితే డాక్టరును మార్చండి. కానీ ల్యాబ్ నూలని చెప్పాక కొత్త పోగుల కోసం చర్మం తవ్వడం ఆపాలి.

పరీక్షలన్నీ సరిగ్గా వచ్చి, పుండ్లు మూస్తే మానుతూ, అయినా లోపల ప్రాణి ఉందన్న నమ్మకం వదలకపోతే అప్పుడు రిస్పెరిడోన్ లాంటి మందు వాడతారు. రాత్రి 0.5 మిల్లీగ్రాముతో మొదలుపెట్టవచ్చు. ఇది పిచ్చికిచ్చే మోతాదు కాదు. పాకుతున్నట్టు మెదడుకు అందే సంకేతం గట్టిదనాన్ని తగ్గిస్తుంది. తేడా తెలియడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులకే పనిచేయలేదని మానేయకూడదు. మీకు షుగర్ ఉంది కనుక ఒలాంజపిన్ మంచి ఎంపిక కాదు, బరువునూ చక్కెరనూ పెంచుతుంది. పాత మందు పిమోజైడ్ ఇస్తే ముందు ఈసీజీ తీయాలి. ఏకాగ్రత కోసం ఇచ్చే ఆంఫెటమిన్ తరహా మందులు, పార్కిన్సన్స్ మాత్రలు, కొకైన్, మద్యం హఠాత్తుగా మానడం కూడా ఇలా పాకుతున్నట్టు అనిపించేలా చేస్తాయి. మీ మందుల చీటీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి, మొహమాటపడకండి.

ఈలోగా బ్లీచింగ్ ఈరోజే ఆపేయండి. గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించి, ఒళ్లు తడిగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు తెల్ల పెట్రోలియం జెల్లీ రాయండి. ఇన్‌ఫెక్షన్ లేని పుండ్ల మీదా అదే రాసి పుండుకు అంటుకోని గాజ్ పట్టీతో కప్పండి. దూది వద్దు, పోగులు వదులుతుంది. గోళ్లు పొట్టిగా తీసి రాత్రిళ్లు చేతి తొడుగులు వేసుకోండి. గోకాలనిపిస్తే తడి చల్లటి గుడ్డ అదిమి పెట్టండి.

జ్వరం, పుండు చుట్టూ పాకే ఎరుపు, నల్లబడటం, పాదం మీద కొత్త పుండు – వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నిద్రలేక బతకాలనిపించడం లేదన్న ఆలోచన వచ్చినా అంతే, ఇంట్లోవాళ్లకు చెప్పి ఆ పూటే వెళ్లాలి.