చలికాలంలో 10డబ్ల్యూ-40 బదులు 5డబ్ల్యూ-30 ఇంజన్ ఆయిల్ పోయవచ్చా?

మీ బండి మాన్యువల్‌లో ఆ గ్రేడ్ ఉంటేనే పోయండి. చలికి సంబంధించింది డబ్ల్యూ ముందున్న అంకె ఒక్కటే. వెనకున్నది 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. చలి పేరుతో దాన్ని 40 నుంచి 30కి దించాల్సిన పని లేదు. 5డబ్ల్యూ-40 కూడా దొరుకుతుంది.

ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంస్థ) ప్రమాణం ప్రకారం, చల్లటి ఇంజన్‌ను స్టార్టర్ తిప్పగలిగేంత పలచగా ఆయిల్ ఉందా అన్నది 0డబ్ల్యూకి మైనస్ 35 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూకి మైనస్ 30, 10డబ్ల్యూకి మైనస్ 25, 15డబ్ల్యూకి మైనస్ 20 వద్ద చూస్తారు. పంపు లాగగలదా అన్న పరీక్ష మరో 5 డిగ్రీలు కింద. ఇదంతా కొత్త ఆయిల్ లెక్క. మసి పట్టి, ఆక్సీకరణ చెందిన పాత ఆయిల్ ఇంకా ముందే గట్టిపడుతుంది. అందుకే మీ దగ్గర పడే కనిష్ఠ ఉష్ణోగ్రతకూ ఈ హద్దుకూ మధ్య 10 డిగ్రీలైనా తేడా ఉంచుకోవడం మేలు.

స్టార్టర్ ఈడుస్తూ తిరగడం చిన్న ఇబ్బందే. ఇంజన్ అందుకున్నాక ఆయిల్ పంపుకు చేరకపోతేనే అసలు నష్టం: బేరింగులు, క్యామ్‌షాఫ్ట్ పొడిగా రాసుకుని అరిగిపోతాయి. కొన్ని సెకన్లలో డాష్‌బోర్డు మీది ఆయిల్ ప్రెషర్ లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి, యాక్సిలరేటర్ తొక్కి చూడకండి.