వీడీఆర్‌ఎల్ రియాక్టివ్, ఏపీటీటీ ఎక్కువ, మూడు గర్భాలు నిలవలేదు: ఏపీఎస్ అంటే ఏం చేయాలి?

సోంపేట నుంచి అడిగిన తమ్ముడికి. మీ ఆవిడకి రెండు గర్భాలు 8, 9 వారాల్లో పోయాయి, మూడోసారి 24 వారాల్లో బిడ్డ కడుపులోనే చనిపోయింది. వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ కోసం చేసే పరీక్ష) రియాక్టివ్, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) ఎక్కువ, యాంటీకార్డియోలిపిన్ ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) 62 అని రిపోర్టులు. ఇవి చూస్తే అనుమానం ఏపీఎస్ మీదికి పోతుంది. ఏపీఎస్ అంటే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, ఒంట్లోని కొన్ని యాంటీబాడీలే రక్తంలో గడ్డలు కట్టించి గర్భాల్ని నిలవనివ్వని జబ్బు. రక్తం ముందే పల్చగా ఉంటే మళ్లీ పల్చబరిచే ఇంజెక్షన్ (హెపారిన్) ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతున్నారని రాశారు.

ముందు వీడీఆర్‌ఎల్ సంగతి తేల్చుకోండి. ఆ పరీక్షలో వాడే పదార్థంలోనే కార్డియోలిపిన్ ఉంటుంది. దానికి వ్యతిరేకమైన యాంటీబాడీలు ఒంట్లో ఉంటే సిఫిలిస్ లేకపోయినా రియాక్టివ్ అని వస్తుంది. సిఫిలిస్ ఉందో లేదో తేల్చే టీపీహెచ్‌ఏ పరీక్ష చేయించండి. అది నెగెటివ్ అయితే ఆ రిపోర్టు అత్తమామలకు మీరే చదివి వినిపించండి. ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి మీద సుఖవ్యాధి అనుమానం ఒక్కరోజు కూడా ఉండకూడదు.

ఇక ఏపీటీటీ. ల్యాబ్‌లో గొట్టంలోని రక్తం గడ్డకట్టాలంటే ఫాస్ఫోలిపిడ్ కావాలి. ఈ యాంటీబాడీలు దానికి అడ్డుపడతాయి కాబట్టి గొట్టంలో ఆలస్యమవుతుంది. ఒంట్లో జరిగేది తిరగబడి ఉంటుంది: అవే యాంటీబాడీలు రక్తనాళాల లోపొరనీ, ప్లేట్‌లెట్లనీ రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి, మాయ సరిగా నాటుకోనివ్వవు. ఈ యాంటీబాడీల్లో ఒకదానికున్న ‘లూపస్ యాంటీకోయాగ్యులెంట్’ అన్న పేరు చూసి రక్తం పల్చన అనుకోవడం, లూపస్ జబ్బు ఉందనుకోవడం రెండూ పొరపాటే. ఏపీటీటీ ఎక్కువుందని హెపారిన్ ఆపేస్తే జబ్బుకి దారి వదిలినట్టే.

అయితే 62 అన్న ఒక్క అంకెతో ఏపీఎస్ ఖాయం కాదు. జ్వరాల తర్వాత ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు పెరిగి తగ్గిపోతుంటాయి. అందుకే కనీసం 12 వారాల ఎడంతో రెండోసారి చేయించాలి. మూడూ చేయించాలి: యాంటీకార్డియోలిపిన్ ఐజీజీ, ఐజీఎం, బీటా-2 గ్లైకోప్రోటీన్-1 ఐజీజీ, ఐజీఎం, లూపస్ యాంటీకోయాగ్యులెంట్. మూడూ పాజిటివ్ అయితే ప్రమాదం బాగా ఎక్కువ. మూడింట్లో ల్యాబ్ చేతిలో ఎక్కువగా పాడయ్యేది చివరిదే. నీలం మూత సిట్రేట్ గొట్టంలో గీత వరకూ రక్తం నిండాలి. 4 గంటల్లోపు యంత్రంలో రెండుసార్లు గిర్రున తిప్పి ప్లాస్మా (రక్తకణాలు తీసేసిన ద్రవం) వేరుచేయాలి, ఆ రోజే పరీక్ష చేయకపోతే ఆ ప్లాస్మాని ఫ్రీజర్‌లో మంచులా గట్టిపరిచి పంపాలి. సోంపేటలో తీసిన రక్తాన్ని అలాగే బస్సులో విశాఖ పంపితే ఆ ఫలితాన్ని నమ్మలేం. మనిషే శ్రీకాకుళమో విశాఖో వెళ్లి, ‘ప్లాస్మా ఇక్కడే వేరుచేస్తారా’ అని అడిగి రక్తం ఇవ్వడం మేలు. హెపారిన్, వార్ఫరిన్ (రక్తం పల్చబరిచే మాత్ర) వాడుతుండగా రక్తం ఇచ్చినా తప్పుగా రావచ్చు. మళ్లీ గర్భం రాకముందే ఈ పని ముగించుకోండి. అన్నట్టు, టార్చ్ పరీక్షకి (గర్భంలో బిడ్డకి సోకే కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసేది) పదేపదే డబ్బులు పోయకండి. వరసగా గర్భాలు పోవడానికి కారణం అందులో దొరకదు.

రెండోసారీ పాజిటివ్ వస్తే మామూలుగా నడిచే పద్ధతి ఇది. ఆస్పిరిన్ 75 మి.గ్రా. రోజుకొకటి, గర్భానికి ప్రయత్నించేటప్పటి నుంచే. 6, 7 వారాల స్కాన్‌లో గుండె చప్పుడు కనబడగానే ఎనోక్సాపారిన్ (హెపారిన్‌లో ఒక రకం) 40 మి.గ్రా. ఇంజెక్షన్ రోజుకొకటి, చర్మం కిందకి. ఇదివరకు కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టినవాళ్లకి ఈ మోతాదు చాలదు, బరువును బట్టి పూర్తి మోతాదు పడుతుంది. వాళ్లు వార్ఫరిన్ మీద ఉంటే, నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి చెప్పి 6 వారాలు నిండకముందే హెపారిన్‌కి మారాలి. వార్ఫరిన్ పిండం ఎముకలనీ ముక్కునీ దెబ్బతీస్తుంది. హెపారిన్ మాయ దాటి బిడ్డకి చేరదు.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం కాబట్టి ఒకటి గట్టిగా చెబుతున్నాను. ఎనోక్సాపారిన్ బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. ఇంజెక్షన్ మొదలుపెట్టేముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ చూపించుకోండి. గర్భిణికి క్రియాటినిన్ సహజంగా తగ్గాలి, 1.0 ఉన్నా ‘నార్మలే’ అని వదలకూడదు. కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి, లేదా మామూలు హెపారిన్‌కి మార్చాలి.

ఇంజెక్షన్ ఇంట్లోనే వేసుకోవచ్చు. ఒకటి రెండుసార్లు ఏఎన్‌ఎం దగ్గర చూసి నేర్చుకోండి. బొడ్డుకి 5 సెం.మీ. దూరంలో పక్కగా చర్మం మడతపట్టి, సూది నిటారుగా పూర్తిగా దించి, మెల్లగా ఎక్కించాలి. నింపి వచ్చిన సిరంజిలో గాలిబుడగ తీసేయకండి, తీస్తే మందూ పోతుంది. వేశాక రుద్దకూడదు, రుద్దితే నల్లగా కమిలిపోతుంది. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. ఎండాకాలం చల్లటి చోట పెట్టండి కానీ ఫ్రీజర్‌లో వద్దు. మొదలుపెట్టేముందూ, తర్వాత రెండు వారాల్లోపూ ప్లేట్‌లెట్లు చూపించాలి.

20 నుంచి 24 వారాల మధ్య గర్భాశయ ధమనుల డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్), ఆ తర్వాత నాలుగేసి వారాలకి ఎదుగుదల స్కాన్. బీపీ రెండు వారాలకోసారి. తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, రొమ్ము కింద కుడివైపు నొప్పి, మొహం వాపు, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

కాన్పుకి పుట్టింటికి పంపేటట్టయితే ఫైలు, మిగిలిన సిరంజిలు ఆవిడతోనే వెళ్లాలి. చివరి ఇంజెక్షన్ వేసిన గంట కాగితం మీద రాసి ఉంచండి. వెన్నులో మత్తు ఇవ్వాలంటే 40 మి.గ్రా. మోతాదు తర్వాత 12 గంటలు, పూర్తి మోతాదైతే 24 గంటలు గడవాలి. నొప్పులు మొదలైతే తర్వాతి ఇంజెక్షన్ వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: బిడ్డ పుట్టింది కదా అని ఇంజెక్షన్ మానేస్తారు. గడ్డకట్టే ప్రమాదం బాలింతకే ఎక్కువ. డాక్టరు తిరిగి మొదలుపెట్టమన్న గంట నుంచి 6 వారాలు వేయాలి. పాలివ్వడానికి అడ్డేమీ లేదు. పచ్చి బాలింతకి నీళ్లు తగ్గించే పథ్యం, మంచం దిగనివ్వకపోవడం ఈ మనిషికి ప్రమాదం. దాహమేసినంత నీళ్లివ్వండి, మర్నాటి నుంచి నడిపించండి. ఒక కాలు, ముఖ్యంగా ఎడమ కాలు, వాచి పిక్క నొప్పెడితే నూనె పెట్టి మర్దనా చేయకండి. కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోగలదు. ఆ రోజే కాలి డాప్లర్ చేయించాలి. కాన్పుల మధ్య ఎడం కోసం ఆశా కార్యకర్త మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు ఇస్తే తీసుకోవద్దని చెప్పండి, వాటిలో గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచే ఈస్ట్రోజన్ ఉంటుంది. కాపర్-టీ వేయించుకోవచ్చు.